జారని వెలుగు

తెర మీది గీత కిందికి దిగాలి, దిగలేదు, అందుకే ఈ అమ్మాయి ముఖం వెలిగిపోతోంది, కూర్చోండి ఈశ్వరయ్యగారూ, మీ సరుకు చేసిన పనేనండి ఇది, అంటూ తన ల్యాబులో కంప్యూటర్ తెర నావైపు తిప్పింది సంయుక్త, నా సరుకు ఏ పనీ చేయలేదని నాకు తెలుసు, బుధవారం హఫీజ్‌పేట్ ఫ్లైఓవర్ దగ్గర వ్యాన్ చెడిపోయి మధ్యాహ్నమంతా ఎండలో నిలిచింది, డ్రైవర్ రాజు ఫోన్ చేసి, సార్, డబ్బాల డ్రై ఐస్ ఖతమైంది, పొగ గిట్ల ఏం వస్తలేదు, సీసా మీది స్టిక్కర్ ఎర్రగైంది, ఏం చెయ్యాలె అన్నాడు, పీకి జేబులో పెట్టుకో, కొత్త ఐస్ నింపి ఇచ్చిరా అన్నాను, వేడి తగిలి సరుకు చెడితే ఎర్రబడే స్టిక్కరది, ఇరవై ఏళ్ల వ్యాపారంలో నోటికి అలవాటైన మాట, ఆలోచించి అన్నది కాదు.

సీసాలో ఉన్నది ఎక్స్ఛేంజ్ ఫ్యాక్టర్, దాని సంగతి నాకు చెప్పింది కూడా ఈమే, మిగతా ల్యాబుల వాళ్లు మమ్మల్ని గేటు దగ్గరే సంతకం పెట్టించుకుని పంపేస్తారు, ఈమె లోపలికి పిలిచి టీ ఇచ్చి చెప్పింది, కణంలో చిన్న ప్రోటీన్ ఒకటుందండి, స్విచ్ లాంటిది, జీడీపీ అనే అణువును గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతుంది, ఫ్యాక్టర్ వచ్చి గుప్పిట వదులు చేస్తే అది జారిపోతుంది, చుట్టూ జీటీపీ అనే ఇంకో అణువు ఎక్కువ కాబట్టి ఆ చోట్లో జీటీపీ కూర్చుంటుంది, స్విచ్ పడుతుంది, పెరగమని కణానికి కబురు పోతుంది, కొన్ని క్యాన్సర్లలో ఆ కబురు ఆగదు, అంటే కిరాయి ఇల్లు ఖాళీ చేయించే బ్రోకరన్నమాట, వరసలో ఎవరుంటే వాళ్లు దిగుతారు, అన్నాను నేను, భలే చెప్పారండి, మా వాళ్లకి ఇలాగే చెప్తాను, అని నవ్వింది, ఇప్పుడు ఆ బ్రోకరును ఆపే మందు కనిపెట్టానంటోంది.

జీడీపీకి మెరిసే రంగు అంటిస్తుంది, అది గుప్పిట్లో ఉన్నంతసేపూ వెలుగు, జారితే వెలుగు తగ్గుతుంది, మందు పనిచేస్తే తగ్గదు, తెర మీద తగ్గలేదు, ఫ్యాక్టర్ చచ్చినా తగ్గదు కదా తల్లీ, అయితే మందు లేకుండా కూడా చేసి చూడాలిగా, చూశావా అని అడిగాను, చూశానండి, సోమవారం, పాత సీసాలో కొంచెం మిగిలితే దాంతో కానిచ్చేశాను, కొత్తది మొత్తం మందుకే వాడేశాను, పొదుపు కదండీ అంది, కిరాణా కొట్టువాడు కూడా రెండు సరుకులను రెండు తక్కెళ్లలో తూచి పోల్చడు, ఇంత చదువుకుని ఈమె పోల్చింది, పదకొండు గంటలకు బెంగళూరు నుంచి పెట్టుబడివాళ్లు వస్తారు, ఈ గీత చూపించి మందు పనిచేస్తోందంటుంది, వచ్చే నెల వాళ్లు తమ ల్యాబులో బతికున్న ఫ్యాక్టర్ వేసి చూస్తారు, వెలుగు జారిపోతుంది, దొంగ లెక్కలు చూపిందంటారు, ఈ ఊళ్లో ఏ ల్యాబూ ఆమెను గడప తొక్కనివ్వదు.

ఇంకా పావుగంట ఉంది, ఫైలు సర్దుకుంటూ ఆగింది, ఈశ్వరయ్యగారూ, వచ్చేటప్పుడు ఐస్ సరిగ్గానే ఉంది కదండీ, ఉందమ్మా, నిండుగా ఉంది, అన్నాను, ఆమె తల ఊపి వాళ్లను పైకి తీసుకురావడానికి మెట్లవైపు వెళ్లింది.

ఎందుకన్నాను, లెక్క వేసుకుందాం, చెబితే నాకేం పోతుంది, సీసా తయారుచేసే కంపెనీవాడు పొద్దునే చెప్పాడు, స్టిక్కర్ ఫొటో పంపితే సోమవారానికల్లా కొత్త సీసా ఉచితమని, కాబట్టి నష్టం లేదు, ఆర్డరు పోతుందా, నిజం చెప్పినవాడిని ఈమె ఇంకా నమ్ముతుంది, కాబట్టి అదీ లేదు, ఈమె మీద కోపమా, టీ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి, ఒక్క పరుషమైన మాట అనలేదు, అన్నీ కొట్టేస్తే ఏమీ మిగలకూడదు, ఒకటి మిగిలింది, అద్దం అవతలి గదిలో వచ్చినవాళ్ల ముందు ఆమె నిలబడి మొదలుపెడుతోంది, నేను వెళ్లిపోవచ్చు, కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కున్నాను, నాకు చూడాలని ఉంది, అంతే.