అమ్మకు బట్టలు మార్చే నెల

కోతలయ్యాక ఇండోనేషియాలోని తోరాజా కొండల మీద గతించినవారికి బట్టలు మార్చే రోజులు వస్తాయి. ఊరంతా కొండచరియలోని సమాధి గుహల వైపు నడుస్తుంటే, రన్నూ ఆమె అన్న లింబోంగూ మాత్రం కొత్త బట్టల మూట పట్టుకొని మకస్సర్ నగరానికి బస్సెక్కారు. వాళ్ళ అమ్మ అక్కడి మ్యూజియంలో ఉంది.

అమ్మ అంటే, చనిపోయిన ఆమె రూపంలో పనసచెక్కలో మలిచిన నిలువెత్తు బొమ్మ. ఆ సంగతి రన్నుకు తెలియక కాదు. కానీ అంత్యక్రియలనాడు పూజారి అమ్మ పేరు పెట్టి పిలిచాక దాన్ని చెక్క అనడానికి వాళ్ళ ఊళ్ళో ఎవరికీ నోరు రాదు. ఏళ్ళ తరబడి అమ్మ గుహ ముందరి వసారాలో చేయి చాచి పొలాలను చూస్తూ నిలబడింది. పక్క ఊరి బొమ్మలను దొంగలు ఎత్తుకుపోయిన ఏడాది, రన్ను భయపడి ఆమెను మ్యూజియానికి అప్పగించింది. అన్న అప్పుడు సముద్రం అవతల కలిమంతన్ బొగ్గు గనుల్లో పనిచేస్తున్నాడు. అతణ్ణి అడగలేదు.

బొమ్మకు చెప్పకుండా దాన్ని కదిలించకూడదు. ఆ రోజు రన్ను చెప్పింది: "అమ్మా, బట్టలు మార్చడానికి తీసుకెళ్తున్నాం. మార్చగానే తెచ్చేస్తాం." ఇచ్చేస్తున్నానని కన్నతల్లితో ఎలా అంటుంది? ఆ మాటలో సగమైనా ఇప్పుడు నిలబెట్టుకోవాలని వచ్చింది.

"అమ్మకి మనకన్నా బాగుందే," అన్నాడు లింబోంగ్ మ్యూజియం మెట్లెక్కుతూ. "ఏసీ గది, గుమ్మంలో కాపలా. నా ఇంట్లో ఫ్యానుకే దిక్కులేదు."

"దెప్పడానికొచ్చావా అన్నయ్యా?"

"బట్టలు మార్చడానికి. దెప్పడం దారిఖర్చుల్లో కలిపేశాలే."

అమ్మ అద్దాల బీరువాలో నిలబడి ఉంది. చాచిన చేతికి ఎదురుగా గోడ. కింది చీటీని లింబోంగ్ పైకి చదివాడు: "తోరాజా స్త్రీ. పనసచెక్క. పాత వస్త్రం." తల ఊపాడు. "పాత వస్త్రమట! అమ్మ వింటే ఈపాటికి చీపురు తీసేది."

ఆ గది బాధ్యత చూసే ఎస్తెర్ అనే అమ్మాయి కుర్చీలు వేయించింది. మూట చూడగానే ఆమెకు విషయం అర్థమైంది.

"బీరువా తెరవలేను పిన్నీ. ఆ రవికె పోగుపోగుగా రాలిపోతోంది. తీశామంటే మళ్ళీ తొడగలేం."

"మళ్ళీ ఎందుకమ్మా? కొత్తవి తెచ్చాంగా. రవికె, నేత లుంగీ."

"ఆ పాతవి కూడా ఇప్పుడు మ్యూజియంవే. ఈ అమ్మమ్మ ఇక్కడికి ఎలా వచ్చారో అలాగే ఉంచాలి."

"నీదే ఊరమ్మా?" అన్నాడు లింబోంగ్.

"మీ పక్క లోయే బాబాయ్."

"మరి మీ నానమ్మకి ఈ ఏడు బట్టలెవరు మార్చారు?"

"మా అన్నయ్య." ఆమె తల దించుకుంది. "నాకు సెలవు దొరకలేదు."

ఎలా వచ్చారో అలాగే. రన్ను మనసు ఆ మాట దగ్గర ఆగిపోయింది. కొండ మీద అమ్మ ఏటా మారేది, మారుతూనే అమ్మగా మిగిలింది. ఇక్కడ ఆమె నుంచి ఏదీ పోదు. ఆమెకు ఏదీ రాదు కూడా. దొంగలైతే ఒక్కసారే తీసుకుపోయేవారు. తాను కాపాడబోతే, అమ్మ ఏటేటా పోతూనే ఉంది.

"ఆ రోజు దించేటప్పుడు అమ్మకి ఏమని చెప్పావ్?" లింబోంగ్ గొంతు తగ్గించి అడిగాడు.

రన్ను చెప్పింది. అతను నోట్లోని వక్కను దవడ మార్చి, అమ్మ తెల్లని కళ్ళ వైపు చూశాడు.

వెళ్ళేముందు కూడా అమ్మకు చెప్పాలి. రన్ను లేచి అద్దం ముందు నిలబడింది. మూటను వీపు వెనక్కి పెట్టుకుంది.

"అమ్మా, బట్టలు ఇంకా కుట్టడం అవలేదు. కాస్త ఓపిక పట్టు."

అన్న దెప్పుతాడని ఎదురుచూసింది.

"అవునమ్మా," అన్నాడు లింబోంగ్. "ఆ దర్జీగాడు ఒక పట్టాన ఇచ్చే రకం కాదు. నేను కొండకెళ్ళి వాడి సంగతి చూస్తాగా."

రన్ను అతని వైపు చూడలేకపోయింది. ఇన్నేళ్ళూ ఆ అబద్ధం ఆమె ఒక్కదానిదే. ఇప్పుడు అన్న కూడా దానికి భుజం పట్టాడు. బరువు తగ్గాలి. తగ్గలేదు.