అవ్వ గొంతుకు సరిపడే మోటారు

బోధన్‌లో పదిహేనేళ్లుగా బోరు మోటార్లకు వైండింగ్ చేస్తున్నాను. కాలిన మోటారును వాసన చూసి జబ్బేమిటో చెప్పేస్తాను. అలాంటి నాకు ఒక గ్రామఫోన్ రికార్డును తిప్పే మోటారు ఎంచుకోవడానికి వారం రోజులు కంటి మీద కునుకు లేదు. నవ్వుకోండి, నాకేం!

ఆ రికార్డులో నన్ను కన్న మా అవ్వ సాయవ్వ పాట ఉంది. ఆమె పెళ్లికి ముందు, చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండే ఒక ఇంజనీరు ఆమెతో నాట్ల పాట పాడించి, రికార్డులు చేసే తన మిషన్ మీద గీసి ఇచ్చాడట. ఉన్నది అదొక్కటే. మూణ్నెల్ల కింద గొంతులో గడ్డ లేచి, ఆపరేషన్ చేసి స్వరపేటికే తీసేశారు. అవ్వకు ఇక మాట లేదు. మొన్న పెట్టెలోంచి ఆ రికార్డు తీసి నా చేతిలో పెట్టి, తన చెవి చూపించింది.

అల్యూమినియం రేకు మీది నల్లపూత అంచుల్లో లేచిపోతోంది. సూది ఒక్కసారి నడిస్తే ఊడి వస్తుంది. రెండోసారి అన్నది లేదు.

మిక్సీ మోటారు పెట్టి చూస్తే, రికార్డు పెట్టాల్సిన పళ్లెం దయ్యం పట్టినట్టు ఊగింది. కుట్టుమిషన్ మోటారు సూది బరువుకే నీరసపడింది. చివరికి పాత టేప్‌రికార్డరు మోటారు మెత్తగా తిరిగింది. ఇంటి కరెంటును నమ్మలేదు. చుట్టూ బోర్లన్నీ ఒక్కసారే ఎత్తుకుంటే వోల్టేజీ పడిపోతుంది. బైకు బ్యాటరీ కలిపి, వేగానికి ఒక నాబ్ పెట్టాను.

"ఎంత స్పీడు వెట్టాలె బాపు?" ఫోన్లో రికార్డింగు నొక్కి అడిగింది నా బిడ్డ దీక్షిత.

"నిమిషానికి డెబ్బై ఎనిమిది సుట్లంటరు. గా ఇంజనీరు మిషను ఎంత తిరిగిందో ఎవనికెరుక!"

"మెల్లగ దించు బాపు."

"నోర్ముయ్!" అన్నాను.

సూది దించాను. బొంగురుగా మగగొంతు లేచింది. అవ్వ మొహం మాడిపోయింది. కాదని తల ఊపింది. నల్లపూత దారంలా లేచి సూదికి చుట్టుకుంటోంది. నాబ్ తిప్పి వేగం పెంచాను. చంటిపిల్ల కీచుగొంతు. ఇంకా గట్టిగా తల ఊపింది.

"గిదా అవ్వా? గిట్లనా? సెప్పరాదే!"

మాట పోయిన మనిషిని చెప్పమని అరుస్తున్నాను, థూ! నాకెలా తెలుస్తుంది? నేనెరిగింది నలుగురు పిల్లల తల్లి గొంతు. పెళ్లికాని సాయవ్వ గొంతు నేనెప్పుడు విన్నాను? పాట సగం దాటింది.

అవ్వ నా చేతిని విసురుగా తోసేసి నాబ్ తానే పట్టుకుంది. వెంట్రుకవాసి వెనక్కి, మళ్లీ ముందుకు తిప్పి ఆపింది.

ఎన్నడూ వినని గొంతే, అయినా మా అవ్వదే. బురదలో కాళ్లు పెట్టి నవ్వుతూ పాడుతున్న పడుచుపిల్ల. అవ్వ కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి, శబ్దం మాత్రం పళ్లెం మీదినుంచి వస్తోంది. నాలుగంటే నాలుగే వరుసలు. తర్వాత సూది ఉత్త రేకును గీరింది.

గబుక్కున సూది ఎత్తేశాను. "అయిపోయిందవ్వా."

"నీ పాట ఫోన్ల వడ్డది నాయినమ్మా," అంది దీక్షిత ఏడుస్తూ.

అవ్వ కళ్లు తెరవలేదు. సూది లేని రేకు తిరుగుతోంది. ఆమె ఇంకా నాబ్ తిప్పుతూనే ఉంది, కొంచెం అటు, కొంచెం ఇటు.