కొట్టివేసిన పరిశీలన

ప్రయోగ పరీక్షకు ముందు ఏటా ఒకే మాట చెబుతాను: "తెలిసింది రాయకండి, కనబడింది రాయండి." ఆ మాట పలికేటప్పుడు నా కంఠంలోకి ఒక గాంభీర్యం వచ్చి చేరుతుంది. దాన్ని సత్యనిష్ఠ అనుకునేవాణ్ణి.

ఆ రోజు పన్నెండు మందికీ ఒకే సీసాలోని ద్రవం ఇచ్చాం. అందులో బ్రోమిన్ నీరు చుక్కలుగా వేయాలి. గోధుమ రంగు పోయి ద్రవం తేటగా మిగిలితే, బ్రోమిన్ వెళ్ళి ఆ ద్రవం అణువుకు అదనంగా చేరినట్టు. అది సంకలన చర్య. రంగు పోవడంతో పాటు తెల్లటి అవక్షేపం దిగితే, అణువులోని హైడ్రోజన్‌ను తోసేసి దాని చోట కూర్చున్నట్టు, అది ప్రతిక్షేపణ. నా జవాబు పట్టికలో సంకలనం అని ఉంది. ఆ పట్టిక నేను తయారుచేసిందే, సీసా మీది చీటీ చూసి.

సాయంత్రం పత్రాలు దిద్దాను. పన్నెండింటిలోనూ సంకలనమే. పదకొండు మంది "ద్రవం తేటగా ఉంది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. పన్నెండో పత్రంలో మాత్రం "తెల్లటి అవక్షేపం, ప్రతిక్షేపణ" అన్న మాటల మీద ఒక గీత, దాని కింద తక్కినవాళ్ళ జవాబు. అది మూడోసారి పరీక్షకు వచ్చిన అమ్మాయిది. తోటివాళ్ళు ఆమెను "దండయాత్ర" అంటారు. ఈసారీ పోతే ఇక కాలేజీలో చోటుండదు. గత రెండుసార్లూ ఆమె రాసింది పట్టికతో కలవలేదని సున్నా వేసింది నేనే.

సీసా మూత తీశాను. ఫినాల్ వాసన గుప్పుమంది. అది ప్రతిక్షేపణ జరిగే ద్రవం.

ప్రయోగశాల సహాయకుణ్ణి పిలిచాను. నా భార్య తమ్ముడు. ఉద్యోగం వేయించింది నేనే.

"చీటీలు ఎప్పుడు మార్చావురా?"

"పాతవి ఊడిపోతున్నాయని మూడేళ్ళ కిందటే కొత్తవి అంటించా కదా బావా. ఏమైంది?"

"పిల్లలకు జవాబు చెప్పావా?"

"చెప్పడమేంటి బావా! ఊరికే అలా గొణిగా. ఏటా గొణిగేదేగా. నీకు తెలీనట్టు మాట్లాడతావేంటి?"

తెలుసు.

ఆ పట్టికతోనే దిద్దితే అందరూ గట్టెక్కుతారు, ఆమె కూడా. ఎవరికీ నష్టం లేదు. ఇంత న్యాయంగా కనిపించే అబద్ధం నాకు ఎన్నడూ తారసపడలేదు.

మర్నాడు ఉదయం ఆమెను పిలిపించాను. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఆ కొట్టేసింది చూశారా సార్? పొరపాటున రాశాను. దానికి మార్కులు తీసెయ్యకండి సార్, ప్లీజ్."

"నీకేం కనబడింది?"

"తేటగా ఉంది సార్."

"నిజం చెప్పమ్మా."

"రెండుసార్లు నిజమే చెప్పాను కదా సార్."

సీసా, బ్రోమిన్ నీరు ఆమె ముందు పెట్టాను. "మళ్ళీ చెయ్యి. కొట్టేసిందే ఒప్పయితే దానికే మార్కులు వేస్తాను."

చుక్క తరువాత చుక్క పడింది. రంగు పోయింది. పాలు విరిగినట్టు తెల్లటి అవక్షేపం దిగింది.

ఆమె పరీక్షనాళిక వైపు చూడనేలేదు. నా ముఖంలోకే చూస్తోంది, మారే రంగేదో అక్కడే కనబడుతుందన్నట్టు.

"ఏం రాయమంటారు సార్?" అంది.