మళ్ళీ మొదట్నుంచి

ఈ పెన్ను మూత ఎక్కడ పడేశానో, పదకొండున్నరకల్లా ఫారం మేనేజరు బల్ల మీద ఉండాలి, ఉంచాలా పంపేయాలా అని రెండే గళ్ళు, ఒకదాంట్లో టిక్కు పెట్టడానికి ఇంత ఆపసోపాలా, అద్దం గోడ అవతల ఆమె కూర్చునే ఉంది, ఆఫీసంతా అక్కా అని పిలిచే ఆమె, పదేళ్ళు పిల్లల్ని చూసుకుని మళ్ళీ ఉద్యోగానికి వచ్చింది, నేను ప్రోగ్రామింగ్ నేర్పిన ఆరుగురిలో ఐదుగురు గట్టెక్కారు, ఈమె ఒక్కతే మిగిలింది, పంపేస్తే ఇంకెవరూ తీసుకోరు సార్ అని పొద్దున లిఫ్టులో అంది, అనేసి ఫోన్ చూసుకుంది, నేను నా బూట్లు చూసుకున్నాను.

నిన్నటి పరీక్షలో ప్రోగ్రాం సగం దాకా కడిగిన ముత్యంలా ఉంది, నాకే అంత శుభ్రంగా రాదు, ఆ తర్వాత ఖాళీ, ఏమైందక్కా అంటే తప్పొచ్చింది సార్, మళ్ళీ మొదట్నుంచి రాశా, మళ్ళీ వచ్చింది, టైమైపోయింది, అంది, వచ్చినచోటే దిద్దుకోవచ్చుగా అన్నాను, అలా చెయ్యొద్దన్నది మీరేగా అంది, అన్నాను, మొదటి రోజే అన్నాను, మా నాన్న వయొలిన్ మాస్టారు, ఆయన పాఠం చెప్పినట్టే చెబుతానని గొప్పలు పోయి, తెర మీద ఎర్రగీత కనబడితే చాలు మొత్తం చెరిపించేవాణ్ణి, పైవాళ్ళు ఆహా ఓహో అన్నారు, ఆ ఐదుగురూ నా కళ్ళుగప్పి దిద్దుకునేవాళ్ళు, తెలిసీ ఊరుకున్నాను, ఈ మహాతల్లి ఒక్కతే నా మాట తు.చ. తప్పకుండా పాటించింది.

ఏమిటీ ఏసీ ఇంత చల్లగా, నాన్న పెన్సిలుతో బల్ల మీద టక్కున కొట్టేవాడు, అపస్వరం పడిందా, మొదట్నుంచి, ఏడుపొచ్చినా మొదట్నుంచి, పోనీలెండి చిన్నవాడు అని అమ్మ వంటింట్లోంచి అన్నా మొదట్నుంచి, పద్నాలుగో ఏట వీడికి సంగీతం అబ్బదులే అని ఆయనే వయొలిన్ పెట్టెలో పెట్టేశాడు, నేనూ సరేనన్నాను, నవ్వుతూనే అన్నాను, మొన్న చెల్లెలి కూతురు మామయ్యా ఒక్క పాట వాయించవా అని వెంటపడితే వాయించాను, మొదలు ఎంత బాగా వచ్చిందో, పిల్ల నోరు తెరుచుకుని చూసింది, మధ్యలో ఆపేసి చెయ్యి నొప్పి అని తప్పించుకున్నాను, ఆగాగు, ఇంకో పాట తలుచుకుంటే, దానిదీ మొదలే వచ్చు, మరొకటి, అదీ మొదలే, ఇరవై పాటల మొదళ్ళు వచ్చు నాకు, ఒక్కదాని చివర రాదు, ఎలా వస్తుంది, చివరిదాకా వెళ్ళనిస్తేగా.

పదకొండు ఇరవై ఐదు, అయిందా అని మేనేజరు తలుపు దగ్గర నిలబడ్డాడు, అయింది, ఉంచాలి, ఇంకో నెల కావాలి, ఈసారి చివరి భాగం ముందు చెబుతాను, కారణం రాయమన్న చోట నేను సగమే నేర్పాను అని రాశాను, పోయిన నాన్న మీద ఇంత కోపం ఇప్పుడేమిటి, కోపమే, దాంతోపాటు ఏడుపు కూడా, ముప్ఫై ఏళ్ళుగా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నాకు సంగీతం రాదని చెప్పుకుంటూ తిరిగాను, రాక కాదు, నాకెవరూ నేర్పలేదు.