ఎందుకక్క

ఆమె ప్రయోగశాల చివరి వరుసలోకి కుర్చీ లాక్కుని, చెప్పులు విడిచి, కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది. వైద్య పరికరాల ఇంజనీరింగులో పీజీ చేసేవాళ్ల పాఠాలు వినడమే ఆమె ఉద్యోగం. ఆ కోర్సును మూడు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతున్నాయి. ఎక్కడ చదివినా పట్టా ఒకటే కనుక, చదువూ ఒకే తీరుగా సాగుతోందో లేదో చూసి చెప్పాలి. సన్నగా, కాస్త ముందుకు వంగిన మనిషి. మెడ చాచి చాచి చూడబట్టే అలా అయిపోయిందని పిల్లల వేళాకోళం. వాళ్లు పెట్టిన పేరు ఎందుకక్క.

బల్లమీద, మందును కొద్దికొద్దిగా నరంలోకి ఎక్కించే పంపు ఉంది. ఒక విద్యార్థి గొట్టం నొక్కగానే అది కుయ్యిమని అరిచింది.

"అంత గట్టిగా ఎందుకు?" అంది ఆమె.

"మందు ఆగితే నర్సుకి తెలియాలి కదక్కా," అంది సముద్రం అవతలి క్యాంపస్ నుంచి ఈ ఏడే వచ్చిన అమ్మాయి.

"వార్డులో వినిపిస్తుందా మరి?"

"ఏమో! అక్కడైతే వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు. ఇక్కడ ఈ బల్ల దాటలేదు."

ఆ మధ్యాహ్నమే గుర్తింపు కమిటీ వస్తోంది. వరండాలో శాఖాధిపతి ఎదురయ్యాడు.

"అమ్మా, ఈ ఒక్కపూటకీ మీ ఎందుకుల్ని ఇంట్లో వదిలేసి రావాల్సింది. ప్రవేశాలు ఆగాయంటే ముందు ఊడేది మీ ఉద్యోగమే."

చెడ్డవాడేం కాదు. విద్యార్థులను వార్డులోకి రానిచ్చే ఒప్పందం కోసం ఆసుపత్రి చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయినవాడు.

కమిటీలోని నెరిసిన జుట్టావిడ ఆమెనే అడిగింది. "మీ విద్యార్థులు రోగుల దగ్గరికి వెళ్తున్నారా?"

శాఖాధిపతి ఫ్యాను వంక చూశాడు. చూపు మందగించి భర్త కుట్టుపని తగ్గించాక ఇల్లు ఈ జీతం మీదే నడుస్తోంది.

"లేదండీ. బల్లమీద బాగా నేర్చుకుంటున్నారు. వార్డు చూడలేదు."

వార్డు శిక్షణ మొదలయ్యేదాకా కొత్త ప్రవేశాలు వద్దన్నారు.

సాయంత్రం వానలో గొడుగు వేసుకుని బయల్దేరిన ఆమె తిన్నగా ఇంటికి పోలేదు. ఆ కూత వార్డులో ఎలా వినిపిస్తుందో చూడాలనిపించింది. రోగులను చూడనిచ్చే వేళకు ఆసుపత్రి చేరింది. పంపులు, ఫోన్లు, దగ్గులు, ఒక పసిపిల్ల ఏడుపు, అన్నీ కలగాపులగం. మూలనున్న పంపు అరుస్తున్నా నర్సు తల తిప్పలేదు.

"అది ఊరికే అరుస్తుందమ్మా. అలవాటైపోయింది."

"ఊరికే ఎందుకరుస్తుంది?"

నర్సు నవ్వి, ట్రే పక్కన పెట్టి, ఆమెను మంచం దగ్గరికి తీసుకెళ్లింది. సూది మోచేతి మడతలో ఉంది. "చెయ్యి ముడిస్తే గొట్టం నొక్కుకుపోతుంది. నిద్రలో చెయ్యి ముడవనిదెవరు చెప్పండి?"

ఆమె ఆ చేతివంక చాలాసేపు చూసింది. బయటికొచ్చేసరికి వాన వెలిసింది.

"నోరు జారావా?" అన్నాడు భర్త, ఇంట్లో అడుగుపెట్టిన ఆమె ముఖం చూస్తూనే.

"జారలేదు. అడిగారు, చెప్పాను."

"పోనీలే. ఎలాగో నెట్టుకొద్దాం."

కంచం ముందు కూర్చుని ఆమె తన మోచెయ్యే ముడిచి, చాచి, పంపు సంగతంతా చెప్పింది. ఆయన తన చెయ్యీ ముడిచి చూసుకున్నాడు. "మరి సూది అక్కడే ఎందుకు గుచ్చుతారే?"

ఆమెకు నవ్వాగలేదు.

నెల తిరక్కుండానే ఆమెను ఇక రావద్దన్నారు. అది సెలవుల కాలం. వీడ్కోలు చెప్పడానికి పిల్లలెవరూ లేరు.

సెలవులయ్యాక, ఒప్పందం కుదిరి, శాఖాధిపతే విద్యార్థులను వెంటబెట్టుకుని వార్డుకు వచ్చాడు. సముద్రం అవతలి నుంచి వచ్చిన అమ్మాయి, నిద్రపోతున్న రోగి మోచేతి దగ్గరే నిలబడిపోయింది.

"ఆవిడ రాలేదేం, ఎందుకెందుకని అడిగే ఆవిడ?" అంది నర్సు. "ఆ రోజు మర్చిపోయి వెళ్లారు."

కిటికీ ఊచకు, ఒక పుల్ల వంగిన నల్లగొడుగు వేలాడుతోంది.