దేవేంద్రప్ప అనని మాట

ఉత్తరం వచ్చేసరికి నాగశ్రీ మిద్దె మీద బట్టలు ఆరేస్తూ ఉంది. పెళ్లయి నలభై రోజులైనా చేతిగాజుల చప్పుడు ఇంకా కొత్తగానే ఉందని మురిసిపోతోంది.

"దిగి రామ్మే, మాయమ్మకు బహుమతి వచ్చింది" అని కింది నుంచి భర్త రాఘవేంద్రప్రసాద్ కేకేసి, అంగడి తెరవడానికి వెళ్లిపోయాడు.

అత్త సుందరలక్ష్మి కడపలో ఆ కిరాణా అంగడి చూసుకుంటూనే నలభై ఏళ్లుగా రాస్తోంది. మొదట నవ్వుకథలు. నాగశ్రీ కాలేజీలో బెంచీ కింద పెట్టుకుని చదివి, నవ్వు ఆగక క్లాసు బయట నిలబడింది వాటి వల్లే. తరువాత కర్నూలు నవాబుల కాలం మీద రెండు నవలలు. రెండేళ్ల కిందట ఒక జీవితచరిత్ర. ఆదోని పక్క పల్లెల్లో సైకిలు మీద తిరుగుతూ కూలీలకు చదువు చెప్పిన దేవేంద్రప్ప కథ అది. బహుమతి దానికే.

నాగశ్రీ చక్కెర తెచ్చి నోట్లో పోసినా అత్త ముఖం విప్పారలేదు.

"పుస్తకంలో ఉండేదంతా జరిగిందేనని సంతకం పెట్టి పంపాలంట."

"పెట్టేయండత్తా, పెన్ను తెస్తా."

"ఒక మాట నేను కల్పించినా."

ఏ మాటో నాగశ్రీకి చెప్పనక్కర లేకపోయింది. పుస్తకం చదివిన వాళ్లందరికీ గుర్తుండేది అదే. ఇంట్లో పనిమాట తప్ప మాట్లాడని దేవేంద్రప్ప, ఒకనాడు స్నేహితుడితో అంటాడు: "మా గిడ్డమ్మ రొట్టె తట్టే సప్పుడు ఇంటే సాలప్పా, తిన్నోనికి గూడా మల్లా ఆకలైతాది."

"ఆయన అనలేదా?"

"పెండ్లాం గురించి ఆయప్ప బతికినన్నాళ్లూ ఎవురితోనూ ఏమీ అనలేదు. ఎంతమందిని అడిగినానో. పేజీ ఎండిపోయినట్ల ఉండాదని, అలవాటు చొప్పున ఒక మాట పడేసినా. నవలలో నవాబు గుర్రంతో గూడా మాట్లాడిస్తా, ఎవురూ అడగరు. ఇది నవల గాదే."

"ఒక్క మాటే గదత్తా."

"ఆ ఒక్క మాట తనే సదువుకోవాలని గిడ్డమ్మ డెబ్బై ఏండ్లప్పుడు మనవరాలి పలక పట్టింది. ఊరందరికీ నేర్పిన మొగుడు ఆయమ్మకు అక్షరం నేర్పలేదు."

పొద్దున టిఫిను తింటూ రాఘవ 'ఉగ్గాని బాగుంది' అన్నందుకే నాగశ్రీ ఇంతసేపూ మెట్లు ఎగిరెగిరి ఎక్కింది. ఒక కాపురమంతటికీ మిగిలిన మాట ఎంత బరువుంటుందో తలుచుకుంటూ ఆమె సంతకం కాగితాన్ని అత్త ముందుకు జరిపింది.

"సంతకం పెట్టేయండి. ఆ మాట ఆమెకే ఉండనీయండి."

అత్త జవాబు చెప్పేలోపల ఫోను మోగింది. గిడ్డమ్మే.

"సుందరమ్మా, ఆ బహుమతి సభోళ్లు నన్ను గూడా పిలిచినారు. మైకు కాడ ఆ మాట నేనే సదువుతా అన్నా. దినామూ సదువుతాండా, ఇప్పుడు తడబడకుండా వస్తాది."



"రేపు ఇంట్లోనే ఉంటావా గిడ్డమ్మా?"

"యాడికి పోతానమ్మా, ఈడనే ఉంటా."

ఫోను పెట్టేశాక నాగశ్రీ, "చెప్తే ఏడుస్తుందత్తా" అంది.

"ఏడ్చనీ. తిట్టనీ. అంతమందిలో సదివినాక బయటపడితే నవ్వేది నన్ను గాదు, ఆయమ్మను. బహుమతి పోతే పోనీ."

"ఫోన్లో చెప్పకూడదా?"

"కల్పించినప్పుడు ఆయమ్మ ముఖం చూడలేదు. ఇప్పుడన్నా చూడాల." అత్త కాగితాన్ని సంతకం లేకుండానే మడిచింది. "రేపు తెల్లార్తోనే ఆదోని బస్సుకు పోదాం. నువ్వూ రా, ఒక్కదాన్నే పోతే మధ్యలో దిగిపోతానేమో."