ఎవరి ఆకలి

ఇంకాస్త పలచన చేస్తే గొంతులో జారిపోతుందేమో అనుకుంటూ సంగటిలో నీళ్లు పోయబోయి చెయ్యి ఆపేసింది జ్ఞానాంబ, పోయకూడదు కదా, తిరుపతిలో నరాల డాక్టరమ్మ మొన్ననే చెప్పింది, నీళ్లగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతాదమ్మా, చిక్కగా మెత్తగా పెట్టు అని, ఇన్నాళ్లూ మేలనుకుని జావ చేసి పోసింది, పోసినప్పుడల్లా మునిరామయ్య ఉక్కిరిబిక్కిరై దగ్గాడు, పాపం మొగుడికి తన చేత్తో తానే కీడు చేసింది, ఇది పక్షవాతం కాదమ్మా, కండరాలను కదిలించే నరాలు చచ్చిపోయే జబ్బు, నయం చేసే మందు లేదు, ఊపిరి బాగుండంగానే పొట్టలోకి గొట్టం ఏయించుకుంటే మంచిది అంది ఆ డాక్టరమ్మ, గొట్టమంట గొట్టం, స్కూటర్‌కు పెట్రోలు పోసినట్టు పోయడానికా తాను ఇన్నేళ్లు వండి పెట్టింది, వద్దంటే వద్దని కారెక్కించి బంగారుపాళ్యంలో ఇంటికి తెచ్చేసింది.

నోరు తెరువయ్యా, ఇంగొక ముద్ద, తెరిచాడు, మామిడి అంట్లు కట్టిన వేళ్లు ఒళ్లో చచ్చుగా పడి ఉన్నాయి, అంటు కట్టే కత్తి చేతిలోంచి జారిపోయిన తొలిరోజుల్లో ముసలోడివైనావని ఎగతాళి చేసింది, ఇప్పుడు ఆయనకు మాటా పోయింది, అవునంటే రెప్ప మూస్తాడు, కాదంటే చూపు పక్కకు తిప్పుతాడు, అయ్యయ్యో మళ్లీ పొలమారింది, ముందుకు వంచి పట్టుకుంది, మొహమంతా కందిపోయింది, దగ్గు తగ్గీ తగ్గకముందే మళ్లీ నోరు తెరిచాడు, ఏం తొందరయ్యా, యాడికి పోవాల నువ్వు, ఆయన చూపు ముద్ద మీద లేదు, పొయ్యి పక్కన మూత పెట్టిన జ్ఞానాంబ కంచం మీద ఉంది, కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన తిన్నాకే తాను తినడం, ఒక్క పూటైనా తప్పలేదు, అంటే, ఏమయ్యా, నేను తినాలనా గబగబా మింగతా ఉండావు?

రెప్ప మూశాడు.

ఓరి దేవుడా, నరాలు చచ్చినా ఈ మనిషికి పెళ్లాం ఆకలి గుర్తుంది, ఊపిరి పోయినా సరే ఆమె తొందరగా కంచం దగ్గరికి పోవాలని మింగుతున్నాడు, జ్ఞానాంబ లేచి కంచం తెచ్చుకుని ఆయన ఎదురుగానే కూర్చుంది, ఇంక నా కోసం పొలమారతా మింగొద్దు, రేపే తిరుపతికి పోదామయ్యా, గొట్టం ఏయిద్దాం, నీకు సమ్మతమేనా, మళ్లీ రెప్ప మూశాడు, ఏడుస్తూనే ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది, అది దిగేదాకా ఆయన కళ్లు ఆమె గొంతు మీదే నిలిచాయి, ఇన్నాళ్లూ తాను తిన్నది ఆయన పొలమారుతూ మింగి తనకు పెట్టిన అన్నమేనని తెలిసింది.